ఇ-టైప్ కొనాలా, 911 కొనాలా?

పేరు, ఊరు బయటపెట్టవద్దన్న మాట మీద ఇంగ్లండులోని మిడ్‌లాండ్స్ ప్రాంతం నుంచి ఒక పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆయనకు 62 ఏళ్లు. తెనాలి దగ్గరి పల్లెలో పుట్టి, గుంటూరులో వైద్యం చదివి, బ్రిటన్ ఆసుపత్రుల్లో మత్తు డాక్టరుగా మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి నిరుడు పదవీ విరమణ చేశారు. పింఛనుతో పాటు ఒకేసారి చేతికొచ్చిన సొమ్ములో కొంత పెట్టి, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న పాతకాలపు స్పోర్ట్స్ కారు ఒకటి కొనాలనుకుంటున్నారు. రెండు బండ్లు చూసి వచ్చారు.

మొదటిది 1965 నాటి జాగ్వార్ ఇ-టైప్ 4.2 కూపే. మొదట బ్రిటన్‌లోనే అమ్ముడైన కుడి స్టీరింగు బండి, పుట్టినప్పటి ఇంజనే ఇప్పటికీ ఉంది, పన్నెండేళ్ల కిందట పూర్తిగా విప్పి బాగుచేశారు, అడుగుతున్న ధర 88,000 పౌండ్లు. డ్రైవరు వైపు తలుపు కిందనుండే సిల్ వెనక చివర మాత్రం రంగు పొక్కులు పొక్కి ఉందని ఆయన గమనించారు. రెండోది 1972 నాటి పోర్షే 911 టి. కాలిఫోర్నియా నుంచి తెచ్చిన ఎడమ స్టీరింగు బండి. దాని అసలు 2.4 లీటర్ల ఇంజను ఎప్పుడో పోయి, 1970ల నడుమ నాటి 2.7 లీటర్ల ఇంజను వచ్చి చేరింది. వెనక మూత మీద బాతు తోక ఆకారపు స్పాయిలరు తర్వాత బిగించారు. ధర 62,000 పౌండ్లు.

లండన్‌లో ఉద్యోగం చేస్తున్న 29 ఏళ్ల కొడుకు, పోర్షే కొంటే తాను 20,000 పౌండ్లు వేసుకుంటానని, జాగ్వార్ అయితే ఒక్క పౌండు కూడా ఇవ్వనని చెప్పాడు. శ్రీమతికి రెండూ ఇష్టం లేదు. "పదేళ్ల తర్వాత మీరు నడపలేని రోజు వస్తే దాన్ని నేనేం చేసుకోవాలి?" అని ఆమె అడిగిన ప్రశ్నకు ఈయన దగ్గర సమాధానం లేదు. అయిదారేళ్లలో హైదరాబాదు వచ్చి స్థిరపడాలని, కారును కూడా వెంట తెచ్చుకోవాలని ఆలోచన. ఎత్తు ఆరడుగులు, మోకాళ్ల నొప్పి ఉంది. జాగ్వార్ అమ్మే ఆయన పది రోజుల్లో ఏదో ఒకటి తేల్చమంటున్నారు. "రెండింటిలో ఏది కొంటే మంచిది, దేని విలువ పెరుగుతుంది?" అన్నది ఉత్తరంలోని ప్రశ్న.

డాక్టరు గారూ,

మీరు ప్రశ్నను రెండు కంపెనీల మధ్య పోటీగా పెట్టారు. ఆ పోటీ అరవై ఏళ్లుగా నడుస్తోంది, ఇంకో అరవై ఏళ్లయినా తేలదు. మీ ముందున్నవి మాత్రం ఇ-టైప్, 911 అనే రెండు పేర్లు కావు, ఒక ఫలానా జాగ్వార్, ఒక ఫలానా పోర్షే. మన వైపు పొలం కొనేవాడు ఊరి పేరు చూసి మురిసిపోడు, లింకు డాక్యుమెంట్లు తెప్పించుకుని, సరిహద్దు రాళ్లు చూసుకుని, ఆ తర్వాతే బయానా ఇస్తాడు. సేకరణ కోసం కారు కొనేవాడు చేయవలసింది కూడా అదే. అందుకని ముందు ఈ రెండు బండ్ల గురించి మాట్లాడి, తర్వాత డబ్బు సంగతికి, మీ ఇంటి సంగతికి వస్తాను.

ఇ-టైప్ 1961 మార్చిలో జెనీవాలో లోకానికి కనిపించింది. దాని ఆకారం గీసిన మాల్కం సేయర్ విమానాల కర్మాగారంలో పనిచేసి వచ్చిన మనిషి. గాలిని చీల్చుకుపోయే వంపులను కంటి అంచనాతో కాక గణితంతో రాబట్టాడు. నడిపి చూస్తామని జనం ఎగబడితే తెచ్చిన ఒక్క కారు చాలక, కంపెనీ అధిపతి విలియం లయన్స్ కబురు పంపగా, పరీక్షకుడు నార్మన్ డ్యూయిస్ రెండో కారును కోవెంట్రీ నుంచి రాత్రంతా నడుపుకుంటూ జెనీవా చేర్చాడు. మీరుంటున్న ప్రాంతం ఆ కారు పుట్టిన కోవెంట్రీలోని బ్రౌన్స్ లేన్ కర్మాగారానికి దగ్గరేనని రాశారు, కాబట్టి ఈ కథ మీరు నాకంటే ఎక్కువ సార్లే విని ఉంటారు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా ప్రదర్శనశాల 1996లో ఒక ఇ-టైప్‌ను తన శాశ్వత సేకరణలో చేర్చుకుంది. ఇంత పేరున్నా ఇది అరుదైన కారు కాదన్న సంగతి మరవకండి. 1974లో ఉత్పత్తి ముగిసేనాటికి 72,000కు పైగా తయారయ్యాయి. వాటిలో అత్యధిక భాగం ఎగుమతికే, ముఖ్యంగా అమెరికాకే వెళ్లాయి. తర్వాతి దశాబ్దాల్లో చాలా బండ్లు తిరిగి బ్రిటన్ చేరి, ఎడమ స్టీరింగు కుడికి మారి, కొత్త రంగులు వేసుకున్నాయి. అందుకే మొదటి నుంచీ కుడి స్టీరింగుతో ఉండి, తన ఇంజను తనతోనే ఉన్న బండికి సేకర్తలు ఎక్కువ ఇస్తారు. మీరు చూసిన జాగ్వార్‌కున్న అసలు బలం ఇదే.

1965 అన్నది కూడా మంచి సంవత్సరమే. తొలి 3.8 లీటర్ల ఇ-టైప్‌లలో మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు రాపిడి లేకుండా సాఫీగా పడేట్టు చేసే ఏర్పాటు) లేదు, సీట్లు నడుముకు శిక్షలా ఉండేవి. 1964 అక్టోబరులో వచ్చిన 4.2లో అన్ని గేర్లకూ సింక్రోమెష్ ఉన్న కొత్త గేరుబాక్సు, మెరుగైన బ్రేకు సర్వో (కాలి ఒత్తిడికి బలం కలిపే పరికరం), డైనమోకు బదులు ఆల్టర్నేటరు, కూర్చోదగిన సీట్లు వచ్చాయి. ప్రకటించిన శక్తి మాత్రం పాత 265 గుర్రాలే. పెరిగింది తక్కువ వేగంలో లాగే బలం. 1967 తర్వాత అమెరికా నిబంధనల మూలంగా హెడ్‌లైట్ల మీది గాజు మూతలు పోయాయి, 1968లో వచ్చిన రెండో సిరీస్‌లో ముందరి నోరు వెడల్పయింది. మొదటి సిరీస్ అందం, తర్వాతి కార్ల సౌకర్యం రెండూ కలిసిన చిన్న కాలం ఒకటుంది. మీ కారు సరిగ్గా ఆ కాలంలోది.

ఇప్పుడు ఆ పొక్కుల విషయానికి వస్తాను, ఎందుకంటే 88,000 పౌండ్ల బేరం అంతా ఆ నాలుగు అంగుళాల మీదే ఆధారపడి ఉంది. ఇ-టైప్ నడిమి భాగానికి విడిగా చాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు. రేకు బాడీయే ఎముకల గూడు. దానికి ముందు వైపు గొట్టాలతో కట్టిన ఫ్రేము బోల్టులతో బిగించి ఉంటుంది. తలుపుల కింద పొడవునా సాగే సిల్స్ అలంకారం కాదు, బరువు మోసే దూలాలు. వాటి వెనక చివర తుప్పు పైకి కనిపించిందంటే లోపల ఎంత తినేసిందో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు. అది పన్నెండేళ్ల కిందటి పనిలో వదిలేసిన చిన్న లోపం కావచ్చు, లేదా పాత తుప్పు మీద కొత్త రేకు అతికి, పుట్టీ పట్టి, రంగు కొట్టిన పని కావచ్చు. మొదటిదైతే కొన్ని వేల పౌండ్లతో పోతుంది. రెండోదైతే బాడీ వంగిపోకుండా లోపల ఆనింపులు కట్టి సిల్స్ కోసి కొత్తవి వేయాలి. ఆ పని సరిగా చేయకపోతే తలుపులు ఇక జన్మలో సరిగా మూతపడవు. ఆ మరమ్మతు నాటి ఫొటోలు, బిల్లులు అమ్మే ఆయన దగ్గర ఉన్నాయా అని మీరు అడిగినట్టు ఉత్తరంలో లేదు. అడగండి. అంత పని చేయించిన మనిషి ఫొటోలు తీయకుండా ఉండడం అరుదు. అవి లేవంటే నేను మరో మెట్టు వెనక్కి వేస్తాను.

ముందు ఫ్రేము గొట్టాలు లోపలి నుంచి తుప్పు పట్టడం, అతుకుల దగ్గర చీలడం కూడా ఈ కార్లకున్న జబ్బే. బ్యాటరీ కింది పళ్లెం చుట్టూ కూడా చూడాలి. ఇంజను గట్టిది. ఆ ఆరు సిలిండర్ల ఎక్స్‌కే కుటుంబపు ఇంజను జాగ్వార్ కార్లలో 1948 నుంచి దశాబ్దాల పాటు పనిచేసింది, దానికి విడిభాగాలన్నీ ఈనాటికీ దొరుకుతాయి. శ్రమంతా చిన్న పనుల దగ్గరే వస్తుంది. క్లచ్ మార్చాలంటే ఇంజను, గేరుబాక్సు కలిపి బయటికి తీయాలి. వెనక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాక నడుమ డిఫరెన్షియల్‌ను (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెను) ఆనుకుని ఉంటాయి, వాటి దాకా చేరాలంటే వెనక సస్పెన్షన్ మొత్తం కిందికి దించే అవసరం రావచ్చు. కూలి ఖర్చు ఎక్కడ పెరుగుతుందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

పోర్షే వైపు చూద్దాం. 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దాన్ని 901 పేరుతో చూపించారు. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్ల మీద హక్కు తమదని ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో అది 911 అయింది. గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల ఇంజనును వెనక ఇరుసుకు అవతల వేలాడదీసిన ఈ కారు, మలుపులో ఉండగా యాక్సిలరేటరు హఠాత్తుగా వదిలితే వెనక భాగం బయటికి జారే గుణంతో పేరు మోసింది. 1969 మోడల్ నుంచి చక్రాల మధ్య దూరం 57 మిల్లీమీటర్లు పెంచి దాన్ని కొంత సాధుజంతువును చేశారు. 1972 మోడల్‌కు మరో విశేషముంది. బరువు ముందుకు జరగాలని ఆయిలు ట్యాంకును కుడి వెనక చక్రానికి ముందు పెట్టి, ఆయిలు పోసే మూతను కుడి తలుపు వెనక బయటికే అమర్చారు. పెట్రోలు బంకుల్లో కొందరు అందులో పెట్రోలు పోసేసిన ఫలితంగా మరుసటి ఏడాదే ఆ ఏర్పాటు తీసేశారు. ఆ ఒక్క ఏడాది గుర్తు ఉన్న బండ్లను సేకర్తలు వెతుక్కుంటారు. పైగా అమెరికాకు పంపిన ఆ ఏటి 911 టికి యూరప్ బండ్లలోని కార్బ్యురేటర్లకు బదులు బాష్ కంపెనీ మెకానికల్ ఇంజెక్షన్ (పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఏర్పాటు) ఉండేది, శక్తి కూడా పది గుర్రాలు ఎక్కువ. అంటే మీరు చూసిన బండి పుట్టుకతో మంచి జాతకమే. దాన్ని విశేషం చేసిన ఇంజను, ఇంజెక్షనే ఇప్పుడు దానిలో లేవు.

ఇది చిన్న లోటు కాదు. 911లో ఇంజను నంబరు ఫ్యాను పక్కన క్రాంక్‌కేసు (ఇంజను అడుగు పెట్టె) మీద చెక్కి ఉంటుంది. ఆ నంబరును బట్టి అది ఏ ఏటిదో, ఏ రకానిదో ఎవరైనా ఇట్టే చెప్పగలరు. మీరు రేపు అమ్మబోయినా కొనేవాడు మొదట వంగి చూసేది దాన్నే. దానికి తోడు 1974 నుంచి 1977 వరకు వచ్చిన 2.7 ఇంజన్ల మెగ్నీషియం క్రాంక్‌కేసులు వేడికి ఓర్చుకోలేవన్న పేరు తెచ్చుకున్నాయి. సిలిండరు హెడ్లను పట్టి ఉంచే స్టడ్డులు (పొడవాటి మర కడ్డీలు) కేసు మరల్లోంచి ఊడి రావడం వాటిలో తరచూ చూసే లోపం. పొగ నియంత్రణ కోసం అమెరికా బండ్లకు థర్మల్ రియాక్టర్లు బిగించిన రోజుల్లో ఇది మరీ ఎక్కువైంది. ఎవరైనా మంచి నిపుణుడు ఆ ఇంజను విప్పి, స్టడ్డుల చోట ఉక్కు మరలు దిగవేసి ఉంటే భయం లేదు. బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే, ఇంజను తిరిగి కట్టించే ఖర్చు అయిదంకెల్లో ఉంటుందనుకుని బేరమాడడమే క్షేమం.

బాతు తోక గురించి ఒక మాట. అది 1972 అక్టోబరులో పారిస్‌లో చూపించిన పోర్షే 911 కరెరా ఆర్‌ఎస్ 2.7 గుర్తు. ఆ అసలు కార్లు మొత్తం 1,580 మాత్రమే తయారయ్యాయి. వాటి ధరలు మామూలు 911 టి ఊహించలేని ఎత్తులో ఉన్నాయి కాబట్టి, టి బండికి ఆ వేషం వేయడం ఒక పరిశ్రమగానే మారింది. వేషం చూడముచ్చటగా ఉండవచ్చు, నాకూ నచ్చుతుంది, కాని సేకర్త దానికి పైసా ఎక్కువ ఇవ్వడు. పైగా అసలు వెనక మూత ఎక్కడుందని అడుగుతాడు. కాలిఫోర్నియా బండి కాబట్టి తుప్పు ఉండదన్న మాట కూడా సగమే నమ్మండి. పోర్షే బాడీ మొత్తానికి జింకు పూత పట్టించడం 1976 మోడల్ నుంచి మొదలైంది. మీ కారు అంతకు ముందుది. ముందు సస్పెన్షన్ బిగించే చోటు, బ్యాటరీ పెట్టెలు, వెనక టార్షన్ బారు (స్ప్రింగు పని చేసే కడ్డీ) గొట్టం దగ్గర రేకు ఎలా ఉందో పైకి ఎత్తించి చూడాల్సిందే.

ఇలా చెప్పానని మీ అబ్బాయి తెలివితక్కువ ఎంపిక చేశాడనుకోకండి. అతను చూస్తున్న కారు వేరు, మీరు చూస్తున్న కారు వేరు. అతని దృష్టిలో అది శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఫ్రాన్సు కొండదారుల్లో తిరిగి ఆదివారం రాత్రికి ఇంటికి చేరే బండి. ఆ పనికి ఈ పోర్షే నిజంగా తగినది: టన్నుకు కాస్త ఎక్కువ బరువు, నీళ్ల రేడియేటరు బాధ లేదు, యూరప్ రోడ్ల మీద ఎడమ స్టీరింగు మేలే చేస్తుంది, అసలు ఇంజను కాదు గనక వాడితే విలువ పోతుందన్న బెంగ కూడా ఉండదు. సేకర్తగా మీరు లోపం అనుకునేది, నడిపేవాడికి స్వేచ్ఛ. మీరిద్దరూ ఈ తేడాను ఒకరితో ఒకరు చెప్పుకున్నట్టు మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు.

హైదరాబాదు తీసుకువెళ్లే ఆలోచన గురించి మీరు రెండు వాక్యాల్లో రాసి వదిలేశారు గాని, ఈ ఎంపికలో దానికి చాలా బరువుంది. పాతకాలపు వాహనాల రిజిస్ట్రేషను కోసం భారత ప్రభుత్వం 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషనై 50 ఏళ్లు దాటి, చాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటినే వింటేజ్‌గా గుర్తిస్తారు. వాటికి 'విఎ' అక్షరాలతో నంబరు ఇస్తారు, రుసుము 20,000 రూపాయలు. ఈ నిర్వచనం ముందు ఇంజను మారిన పోర్షేకు మొదటి మెట్టు మీదే చిక్కు వస్తుంది. ఎడమ స్టీరింగు మరో చిక్కు. జాగ్వార్‌కు ఈ రెండూ లేవు. అయితే ఆ నంబరు వచ్చాక కూడా రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కాలి. దిగుమతి సుంకం భారీగా ఉంటుంది, దాని రేట్లూ షరతులూ మారుతూ ఉంటాయి, కాబట్టి కస్టమ్స్ ఏజెంటు నుంచి రాతపూర్వకంగా లెక్క తెప్పించుకోనిదే ఈ ఆశను బేరంలోకి తీసుకురావద్దు. ఇంకా రెండు సంగతులు: ఇరుకు నోరున్న మొదటి సిరీస్ ఇ-టైప్ ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కుతుంది, అది మే నెల హైదరాబాదుకు పుట్టిన కారు కాదు. ఇప్పుడు భారతదేశంలో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు గొట్టాలు, కార్బ్యురేటరు సీళ్లు దానికి తట్టుకునేవి కావు, అన్నీ మార్పించాలి.

"విలువ పెరుగుతుందా" అన్న మీ ప్రశ్నకు నా జవాబు మీకు నిరాశ కలిగించవచ్చు. 1980ల చివర ఈ రకం కార్ల ధరలు ఎగసి, 1990 తర్వాత కుప్పకూలినప్పుడు, అప్పు చేసి కొన్నవాళ్లు ఏళ్ల తరబడి తేరుకోలేదు. ఇ-టైప్‌ను కుర్రవాళ్లుగా చూసి కలలుగన్న తరం ఇప్పుడు మీకంటే పెద్దది, వాళ్ల బండ్లు ఒక్కొక్కటే అమ్మకానికి వస్తున్నాయి. 911 పేరుతో కార్లు ఇప్పటికీ తయారవుతున్నాయి గనక దాని మీద మోజు పడే కుర్రకారు ప్రతి ఏటా పుడుతూనే ఉంది. కాబట్టి గిరాకీ దృష్టితో 911 పేరుకు కొంత మొగ్గు ఉందని నేను అనుకుంటాను. కాని ఆ మొగ్గు తన ఇంజను తనతో ఉన్న 911కి. మీ ముందున్న పోర్షేకు దానిలో వాటా కొంచెమే. బ్రిటన్‌లో సొంత కారు అమ్మితే వచ్చే లాభం మీద మూలధన లాభాల పన్ను లేదు, నష్టం వస్తే దాన్ని ఎక్కడా చూపుకోవడానికీ లేదు. 40 ఏళ్లు దాటిన బండ్లు కాబట్టి హిస్టారిక్ తరగతికి దరఖాస్తు చేసుకుంటే రోడ్డు పన్ను కట్టనక్కరలేదు, పెద్ద మార్పులు చేయని వాటికి బండి రోడ్డుకు తగినదేనా అని చూసే ఎంఓటీ పరీక్ష కూడా ఏటేటా తప్పనిసరి కాదు. పరీక్ష మాత్రం మానకండి. అరవై ఏళ్ల బ్రేకులను ఏడాదికోసారి పరాయి కన్ను చూడడం మంచిది. బీమా, నిల్వ, సర్వీసు కలిపితే ప్రతి ఏటా చేతి డబ్బు పోతుంది. ధర నిలకడగా ఉన్నా మీరు నష్టంలో ఉన్నట్టే, ఆ నష్టమే మీ సరదాకు అయ్యే ఖర్చు. అంత ఖర్చు సమ్మతమేనా అన్నదే ఆలోచించండి.

ఇక మీ శ్రీమతి అడిగిన ప్రశ్న. ఈ మొత్తం ఉత్తరంలో సేకర్తలా ఆలోచించింది ఆమే అనిపించింది నాకు. మీకు ఏదైనా అయితే ఈ కారు మీ ఆస్తిలో భాగమవుతుంది, వారసత్వ పన్ను లెక్కలోకి వస్తుంది, దాన్ని ఎవరికి, ఎంతకు, ఎలా అమ్మాలో తెలియని మనిషి చేతిలో పడితే సగం ధరకు పోతుంది. ఆమెను ఒప్పించే ప్రయత్నం కన్నా ముందు, పోయినా ఇద్దరి జీవితమూ మారని మొత్తం ఎంత అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చండి. ఆ అంకె 88,000 కన్నా తక్కువైతే జాగ్వార్ చర్చ అక్కడితో ముగుస్తుంది. ఎక్కువైతే, కొన్న రోజే ఒక ఫైలు కట్టి, కొన్న ధర, బిల్లులు, తనిఖీ నివేదిక, బీమా కంపెనీతో కుదిరిన విలువ, అమ్మవలసి వస్తే సంప్రదించవలసిన వేలం సంస్థ పేరు అందులో పెట్టి, అది ఎక్కడుందో ఆమెకు చెప్పండి.

మీ అబ్బాయి వాటా విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. బ్రిటన్‌లో కారుకుండే వి5సి అనే రిజిస్ట్రేషను పత్రంలో ఉండేది రిజిస్టర్డ్ కీపరు (కారుకు బాధ్యత వహించే మనిషి) పేరు. అది యాజమాన్యానికి రుజువు కాదని ఆ పత్రం మీదే రాసి ఉంటుంది. కొడుకు 20,000 ఇస్తే, అది అప్పా, కానుకా, మూడో వంతు వాటానా అన్నది కాగితం మీద లేకపోతే, రేపు అతనికి ఇల్లు కొనడానికి డబ్బు కావలసి వచ్చిన రోజున ఇబ్బంది ఇద్దరిదీ అవుతుంది. తండ్రీ కొడుకుల మధ్య కాగితాలేమిటని మనవాళ్లు మొహమాటపడతారు. ఒక పేజీ చాలు: ఎవరు ఎంత పెట్టారు, మరమ్మతులు ఎలా పంచుకుంటారు, ఒకరు బయటికి రావాలంటే విలువ ఎవరు కడతారు, గుద్దితే ఎవరు భరిస్తారు. లండన్‌లో ఉండే 29 ఏళ్ల డ్రైవరును పాతకారు బీమాలో చేర్చితే ప్రీమియం ఎంతవుతుందో కూడా ముందే కనుక్కోండి. కొన్ని కంపెనీలు అసలు చేర్చుకోవు.

వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకుంటే మీ ముందు కొన్ని దారులున్నాయి. జాగ్వార్‌ను కొనడం ఒకటి. సిల్స్ గట్టివని తేలితే, లేదా మరమ్మతు ఖర్చు ధరలో తగ్గితే, కాగితాల దృష్ట్యా, భారతదేశం దృష్ట్యా, తిరిగి అమ్మే సౌలభ్యం దృష్ట్యా నేను దీని వైపే మొగ్గుతాను. దీనివల్ల వచ్చే కష్టం: అబ్బాయి డబ్బు రాదు, బహుశా అతని ఉత్సాహమూ రాదు, కారు మీ ఒక్కరిదై ఉంటుంది. పోర్షేను కొనడం ఇంకొకటి. అప్పుడు విలువ, పెట్టుబడి అన్న మాటలు పక్కన పెట్టండి, హైదరాబాదు మాట మరవండి, ఇంజను చరిత్ర తెలియని బండికి తగిన ధరకు దించండి, తండ్రీ కొడుకులు కలిసి తిరగడానికి కొన్న బండిగా చూసుకోండి. అరవై రెండేళ్ల వయసులో కొడుకుతో వారాంతాలు దొరకడం తక్కువ విషయమని నేను అనను. అది 88,000 పౌండ్ల కారుతో రాకపోవచ్చు. మూడో దారి రెండింటినీ వదిలి ఏడాది ఆగడం. ఈ లోగా ఇ-టైప్‌లు, పాత 911లు రోజుల లెక్కన అద్దెకిచ్చే సంస్థల దగ్గర ఒక్కోటి తీసుకుని పూర్తిగా రెండు రోజులు నడిపి చూడవచ్చు. మీ మోకాళ్లను ఉత్తరంలో ఒక్క మాటలో దాటేశారు. ఇ-టైప్ సిల్ ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది, తలుపు చిన్నది, దిగేటప్పుడు ఒక కాలి మీదే లేవాలి. ప్రదర్శన స్థలంలో ఒకసారి ఎక్కి దిగితే ఇది తెలియదు, మూడో పెట్రోలు బంకు దగ్గర తెలుస్తుంది. ఇప్పుడు చూసిన జాగ్వార్ ఈ ఏడాదిలో ఎవరికైనా పోవచ్చు, పోనివ్వండి. 4.2 కూపేలు అమ్మకానికి వస్తూనే ఉంటాయి.

పది రోజుల గడువు సంగతి ఎలా నెగ్గించుకోవాలంటే: ఈ వారంలోనే జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఇచ్చే ధ్రువపత్రం కారుతో ఉందో లేదో అడగండి. కంపెనీ రికార్డుల్లోని చాసిస్, ఇంజను, బాడీ, గేరుబాక్సు నంబర్లు, మొదటి రంగు, పంపిన తేదీ అందులో ఉంటాయి. ఆ నంబర్లను కారు మీది నంబర్లతో మీరే స్వయంగా పోల్చండి. అమ్మేవారితో సంబంధం లేని ఇ-టైప్ నిపుణుడి చేత లిఫ్టు మీద పరీక్ష చేయించండి, రంగు మందం కొలిచే పరికరం తప్పక తెమ్మనండి. అడ్వాన్సు ఇవ్వక తప్పకపోతే, సిల్స్, ఫ్రేము తనిఖీలో లోపం తేలితే పూర్తిగా తిరిగి ఇవ్వాలన్న షరతు రాతలో పెట్టించుకుని కొద్ది మొత్తమే ఇవ్వండి. ఆ షరతుకు అమ్మే ఆయన ఒప్పుకోకపోతే గడువు ఎందుకు పెట్టారో మీకే అర్థమవుతుంది. తనిఖీ రోజున మీ అబ్బాయిని వెంట తీసుకువెళ్లండి, పోర్షే తనిఖీకి అతన్నే వెళ్లమనండి, ఆ ఇంజను స్టడ్డుల బిల్లు గురించి అతనే అడగాలి. రెండు నివేదికలూ వచ్చాక మీ శ్రీమతి ముందు పెట్టి మాట్లాడుకోండి.